గంజి వార్చిన వైద్యుడు

అనగనగా గోదావరి గట్టున ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒక వైద్యుడు. మంచి హస్తవాసి అని నాలుగు పరగణాల్లో పేరు. ఆయన నాడి పట్టుకుని కళ్ళు మూసుకుంటే రోగం తనంతట తానే వచ్చి పేరు చెప్పుకుంటుందని జనం అనుకునేవారు. తెల్లవారకముందే ఆయన వాకిట్లో బళ్ళు ఆగేవి. కావిళ్ళలో మోసుకొచ్చిన ముసలివాళ్ళు, చంకన పిల్లలతో తల్లులు, దగ్గుతూ నడిచొచ్చిన సాలెవాళ్ళు అరుగు కింద బారులు తీరేవారు. మధ్యాహ్నం భోజనం వేళకి అరవైమందిని చూసి పంపేసేవాడాయన.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, పొట్లాలు కట్టిస్తాడు. ఎలా వాడాలో, ఏం తినకూడదో గడగడా చెబుతాడు. చివర "అర్థమైందా?" అంటాడు. రోగి చేతులు కట్టుకుని "చిత్తం" అంటాడు. ఆ మాట చెవిన పడగానే ఆయన చూపు వెనకవాడి మీదికి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో ఆ వాకిట్లో "అర్థం కాలేదయ్యా" అన్నవాడు ఒక్కడు లేడు. తను చెప్పే తీరు అంత తేటగా ఉంటుందని వైద్యుడికి లోలోపల కొంచెం గర్వం.

ఆయన ఇంటికి ఎదురుగా ఒక పూటకూళ్ళ ఇల్లు ఉంది. దూరం నుంచి వచ్చిన రోగులకి అక్కడే పడక, అక్కడే భోజనం. పూటకూళ్ళమ్మ అనగానే 'కన్యాశుల్కం' చదివినవాళ్ళకి గిరీశాన్ని నమ్మి డబ్బు పోగొట్టుకున్నావిడ గుర్తొస్తుందేమో. ఈవిడ వేరు. ఈవిడ అరువు పెట్టదు, మాట దాచదు. వైద్యుడి అరుగు మీద పలికిన మాటలన్నీ తన అరుగు మీదికి వచ్చేసరికి ఎలా మారిపోతాయో ఆవిడ రోజూ వింటూనే ఉండేది.

"ఏమన్నారు బావా? తిన్నాక వేసుకోమన్నారా, తినకముందా?"

"తినకముందనే అన్నట్టున్నారు."

"అన్నట్టున్నారేవిటి? అడక్కపోయావా?"

"అంత పెద్దాయన్ని రెండోసారి ఎలా అడుగుతాం? చెవుడా అంటారు."

వైద్యుడి ముందు చేతులు కట్టుకున్నవాళ్ళు పూటకూళ్ళమ్మ ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. రోగం సంగతి నిజంగా బయటికొచ్చేది అక్కడే. పథ్యానికి పాలు తాగమన్నారు, ఇంట్లో పాడి లేదని ఒకడు వాపోయేవాడు. మండలం రోజులు వాడమన్నారు కానీ పదోనాటికే తగ్గిపోయిందిగా, మిగతాది దాచుకున్నానని ఇంకొకడు తన తెలివికి మురిసిపోయేవాడు. అత్తగారి పక్కన కూర్చుని నోరు విప్పని కోడలు గిన్నెలు తోమే చోట పూటకూళ్ళమ్మ చెవిలో అసలు బాధ చెప్పుకునేది. ఆవిడ వినేది, వడ్డించేది, ఊరుకునేది. తన పని కాదనుకుంది.

ఒకనాడు కొండదాపు పల్లె నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. కాలిమీద పుండు, ఒంట్లో జ్వరం. వైద్యుడు రెండు పొట్లాలు ఇచ్చాడు. "ఎర్రదారం కట్టింది తేనెలో కలిపి పుచ్చుకో. తెల్లదారం కట్టింది ఆముదంలో కలిపి పుండుకి పట్టించు. పులుపు ముట్టకు. అర్థమైందా?"

"చిత్తం."

మూడోనాడు కాపరిని మంచంమీద వేసుకుని పరుగున తీసుకొచ్చారు. ఒకటే వాంతులు. కళ్ళు లోపలికి పోయాయి. తెల్లదారం పొట్లంలో ఉన్నది మైలుతుత్తం కలిపిన పూతమందు, అది కడుపులోకి పోయింది. వైద్యుడు రాత్రంతా పక్కనే కూర్చుని ఎలాగో బతికించాడు. కానీ ఈలోగా ఊరంతా గుప్పుమంది, వైద్యుడు విషం పెట్టాడని. కాపరి తండ్రి వెళ్ళి రాజుగారి వాకిట్లో మొరపెట్టుకున్నాడు.

రాజు ఇద్దర్నీ పిలిపించాడు.

"ప్రభూ, నేను స్పష్టంగానే చెప్పాను. అర్థమైందా అని అడిగాను. చిత్తం అన్నాడు. విన్నవాళ్ళు పదిమంది ఉన్నారు," అన్నాడు వైద్యుడు.

రాజు కాపరి వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే ప్రభూ. అన్నాను."

"మరి పూతమందు ఎందుకు మింగావు?"

కాపరి తల గోక్కున్నాడు. "మా ఇంట్లో తేనె లేదండి. తేనె లేకపోతే దేంట్లో కలపాలో అడుగుదామనుకున్నాను. అప్పటికే అయ్యగారు వెనకవాణ్ణి పిలిచేశారు. ఆముదం ఉంది కదా అని రెండూ ఆముదంలోనే కలిపాను. ఆముదమంటే తాగేదే కదండీ. చిన్నప్పుడు మా అమ్మ ముక్కు పట్టుకుని మరీ తాగించేది. అందుకని తాగేశాను. నీలంగా ఉంటే గట్టి మందేమో అనుకున్నాను."

సభలో కొందరు నవ్వారు. రాజు నవ్వలేదు. కాపరి చెప్పినదాంట్లో ఎక్కడా తెలివితక్కువతనం కనిపించలేదు ఆయనకి. ఇంట్లో ఉన్నదానితో, చిన్నప్పటి నుంచి తెలిసినదానితో లెక్క కట్టుకున్నాడు. లెక్క సరిగ్గానే కట్టాడు, జవాబు ప్రాణం మీదికి వచ్చింది. వైద్యుడూ అబద్ధమాడలేదు, కాపరీ అబద్ధమాడలేదు. ఎవరికి శిక్ష వెయ్యాలో తోచక రాజు మంత్రి మొహం చూశాడు. మంత్రి పైకప్పు చూశాడు.

అప్పుడు కాపరికి తోడుగా వచ్చిన పూటకూళ్ళమ్మ ముందుకొచ్చింది. "ప్రభూ, సెలవిస్తే వైద్యులుగారికి ఒక చిన్న పని చెబుతాను. ఒక కుండ అన్నం, ఒక సిబ్బి, ఒక మసిగుడ్డ తెప్పించండి."

రాజుకి వింతగా తోచినా వంటశాలకి కబురు పెట్టాడు. అవి వచ్చేలోగా ఆవిడ వైద్యుడికి గంజి వార్చడం చెప్పింది. "అన్నం పలుకుమీద ఉండగానే కుండ దించాలండి. మూతికి సిబ్బి పెట్టాలి. మసిగుడ్డతో రెండు వైపులా పట్టుకుని వంచి గంజి ఓడ్చాలి. మళ్ళీ సన్నసెగ మీద పెట్టి ఉమ్మగిలనివ్వాలి. అంతే. అర్థమైందా?"

వైద్యుడికి చిరాకేసింది. ఇన్ని శాస్త్రాలు చదివినవాడికి ఇదొక పెద్ద విద్యా! "అర్థమైంది," అన్నాడు.

కుండ వచ్చింది. కుతకుతలాడుతోంది. "వార్చండి," అంది పూటకూళ్ళమ్మ.

వైద్యుడు ఉత్తరీయం నడుముకి చుట్టుకుని కుండ దగ్గర కూర్చున్నాడు. సిబ్బి పెట్టాడు. చెయ్యి ఆగింది. "దీన్ని వేళ్ళతో అదిమి పట్టాలా, గుడ్డతోనా?" అన్నాడు. గుడ్డ తీసుకున్నాడు. "కుండ నా వైపుకి వంచాలా, అవతలికా?" అన్నాడు. కొంచెం వంచాడు, ఆవిరి మొహానికి కొట్టింది, వెనక్కి జరిగాడు. "అసలు పలుకు ఉందో లేదో చూడకుండా ఎలా తెలుస్తుంది? గంజి మొత్తం పోవాలా, కాస్త మిగలాలా?"

"ఈ ప్రశ్నలన్నీ ఇందాక ఎక్కడున్నాయండీ, అర్థమైందని తమరు సెలవిచ్చినప్పుడు?" అంది పూటకూళ్ళమ్మ.

వైద్యుడు జవాబు చెప్పలేదు.

"నా దగ్గర వంట నేర్చుకోవడానికి ఆడపిల్లలు వస్తారు. నేను ఎవర్నీ అర్థమైందా అని అడగనండి. అడిగితే అందరూ అయిందనే అంటారు. నేను వాళ్ళ చేతికి గుడ్డ ఇచ్చి పక్కన నిలబడతాను. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడే నేను చెప్పింది చాలలేదని తెలుస్తుంది."

రాజు తీర్పు చెప్పలేదు. కాపరికి పది వరహాలు ఇప్పించాడు. వైద్యుణ్ణి ఇంటికి వెళ్ళమన్నాడు. అదే పెద్ద శిక్ష, ఎందుకంటే ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో విన్న చిత్తాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో నిజమైనవి ఎన్నో ఆయనకి తెలిసే దారి లేదు.

మర్నాటి నుంచి ఆయన పద్ధతి మార్చాడు. మొదట్లో బాగా చెడగొట్టాడు కూడా. పొట్లాలు ఇచ్చి, మొహం గంభీరంగా పెట్టి, "ఏం చెప్పానో చెప్పు చూద్దాం!" అనేవాడు. బడిపంతులు పాఠం అప్పజెప్పమన్నట్టుండేది. జనం బెదిరిపోయి తెలిసింది కూడా మరిచిపోయేవారు. ఒక ముసలాయన భయంతో ఏడ్చేశాడు. పూటకూళ్ళమ్మ ఎదురరుగు మీద నుంచి చూస్తూ చూస్తూ ఓపిక పట్టలేక వచ్చింది. "పరీక్ష వాళ్ళకి కాదు బాబూ, తమరికి. తమరు సరిగ్గా చెప్పారో లేదో వాళ్ళ నోటితో తెలుసుకోవాలి. అలా అడగండి."

ఆ తర్వాత ఆయన మాట మారింది. "పొద్దుటి నుంచి మాట్లాడి మాట్లాడి అలిసిపోయాను నాయనా. నీకు అన్నీ చెప్పానో, ఏదైనా వదిలేశానో. ఇంటికెళ్ళాక మీ ఆవిడకి ఏమని చెబుతావో ఒక్కసారి నాకు చెప్పు, వింటాను," అనేవాడు. అప్పుడు బయటికొచ్చేవి. తేనె లేకపోవడాలు, పాడి లేకపోవడాలు, పొద్దున్నే కూలికి పోతే మధ్యాహ్నం మందు ఎవరిస్తారన్న బెంగలు. వాటిలో సగం వైద్యశాస్త్రంలో లేనివి. మందు మార్చక్కర్లేదు, వేళ మారిస్తే చాలు.

అత్తాకోడళ్ళు వచ్చినప్పుడు ఆయన ఇంకో ఉపాయం పట్టాడు. "అత్తగారూ, ఈ దినుసు మీలాంటి చెయ్యి తిరిగినవాళ్ళు దంచితేనే పనిచేస్తుంది" అని ఆవిణ్ణి రోలు దగ్గరికి పంపేవాడు. అత్తగారు సంబరంగా దంచుతుండగా కోడలు నాలుగు మాటలు చెప్పుకునేది. చెవులు వినపడని కుమ్మరి వస్తే ఇదివరకు వాళ్ళన్నతో మాట్లాడి పంపేసేవాడు. ఇప్పుడు కుమ్మరి ఎదురుగా కూర్చుని అతని చేతికి మట్టిముద్ద ఇచ్చాడు. అతను చిటికెలో మనిషి బొమ్మ చేసి నొప్పి ఉన్నచోట బొటనవేలు దించాడు. అన్న ఇన్నాళ్ళూ కడుపునొప్పి అని చెప్పుకొచ్చాడు. బొటనవేలు దిగింది గుండెకి కాస్త కింద, ఎడమపక్క.

కొండమీది నుంచి ఒకామె ఎనిమిదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె మాట వైద్యుడికి రాదు, ఆయన మాట ఆమెకి రాదు. పిల్లాడు సంతలో తిరిగి రెండు మాటలూ పట్టాడు. "అమ్మకి కడుపునొప్పి" అన్నాడు. తల్లి చాలాసేపు ఏదో చెప్పింది, పిల్లాడు మళ్ళీ "కడుపునొప్పి" అనే అన్నాడు. పూటకూళ్ళమ్మ ఆమె చీర చూసి, రక్తం పోతోందని గ్రహించింది. కొడుకుతో ఆ మాట ఏ తల్లి అనగలదు? అన్నా ఆ పసివాడు ఎలా అనువదించగలడు? సంతకి తేనె తెచ్చే కొండామెను పిలిపించి, పిల్లాణ్ణి జామచెట్టు దగ్గరికి ఆడుకోమని పంపారు. అప్పటి నుంచి సంత రోజున ఆ తేనె అమ్మే ఆమెకి వైద్యుడి అరుగు మీద ఒక పీట వేశారు. కాపరికి దొరకని తేనె కూడా ఆమె దగ్గరే దొరికింది.

అన్నీ సజావుగా సాగాయనుకుంటే పొరపాటు. అరవైమందిని చూసే చోట నలభైమందే అవుతున్నారని, బారు వీధి మలుపు దాటుతోందని మంత్రి ఫిర్యాదు చేశాడు. అందులో నిజముంది. ఎండలో నిలబడ్డవాడికి లోపల జరిగే ముచ్చట్లు నచ్చవు. చివరికి వైద్యుడు, పూటకూళ్ళమ్మ ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త రోగం, ప్రమాదమైన మందు అయితే ఆయనే కూర్చుని చెప్పించుకుంటాడు. మిగతావాళ్ళు పొట్లాలతో ఎదురరుగుకి వెళ్ళాలి. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "ఏదీ, ఎలా వేసుకుంటావు?" అంటుంది. తప్పు చెబితే వెనక్కి పంపుతుంది, వాళ్ళు బారులో నిలబడక్కర్లేదు. ఈ ఏర్పాటుకి ఆవిడకి జీతం ఎంత అనేది మాత్రం మంత్రి తేల్చలేదు. ఇప్పటికీ తేలలేదంటారు.

రాజు ఇదంతా విని పొంగిపోయి దేశమంతటా దండోరా వేయించాడు. దండోరావాడు ఊరి నడిబొడ్డున డప్పు కొట్టి, "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకీ తెలియజేయడమేమనగా, ఇకమీదట వైద్యులూ ఉద్యోగులూ ఎవరూ జనాన్ని అర్థమైందా అని అడగరాదహో!" అని అరిచాడు. ఊపిరి పీల్చుకుని, అలవాటు కొద్దీ, "అర్థమైందా?" అన్నాడు.

"అయింది!" అంది ఊరంతా.

నీతి

చెప్పినవాడి పని చెప్పడంతో అయిపోదు, విన్నవాడు తన మాటల్లో తిరిగి చెప్పేదాకా అది సగం పనే. ఈ కథ విని "రోగులు ధైర్యంగా ప్రశ్నలు అడగాలి" అనే నీతి తీసేవాళ్ళు ఉంటారు. అది తప్పని అనను గానీ, ముందు చెప్పాల్సింది అది కాదు. జ్వరంతో వణుకుతున్నవాణ్ణి, వెనక యాభైమంది నిలబడ్డవాణ్ణి, చదువుకున్నవాడి ముందు చెప్పులు విడిచి నిలబడ్డవాణ్ణి ధైర్యం తెచ్చుకోమనడం సుఖంగా కుర్చీలో కూర్చున్నవాళ్ళ సలహా. భారం చెప్పేవాడి మీదే ఉండాలి.

పూటకూళ్ళమ్మ చేసిన పనికి నేటి వైద్యంలో ఒక పేరుంది, టీచ్ బ్యాక్ అంటారు. 2003లో షిలింజర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో మధుమేహ రోగులతో డాక్టర్ల సంభాషణలు రికార్డు చేసి విన్నారు. కొత్తగా చెప్పిన సంగతుల్లో నూటికి 12 విషయాల్లోనే డాక్టర్లు అది రోగికి ఎక్కిందో లేదో చూసుకున్నారు. అలా చూసుకున్న డాక్టర్ల రోగుల్లో చక్కెర ఎక్కువగా అదుపులో ఉంది. ఆ ఏడాదే కెసెల్స్ అనే డచ్చి పరిశోధకుడు అంతకుముందు వచ్చిన అధ్యయనాలు కూడదీసి, డాక్టరు చెప్పినదాంట్లో నూటికి 40 నుంచి 80 వంతులు రోగి అక్కడికక్కడే మరిచిపోతాడని, గుర్తున్నదాంట్లో దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని రాశాడు.

నాకు అన్నిటికన్నా గంజి కథకి దగ్గరగా తోచింది 2006 నాటి అమెరికా అధ్యయనం. మందుసీసా మీద "రెండు మాత్రలు, రోజుకి రెండుసార్లు" అని ఉంది. చదువు తక్కువ ఉన్నవాళ్ళలో నూటికి 71 మంది ఆ వాక్యాన్ని తప్పులేకుండా ఒప్పజెప్పారు. సరే, రోజుకి ఎన్ని మాత్రలో సీసాలోంచి తీసి చూపించమంటే, నాలుగు తీసినవాళ్ళు 35 మందే. మాట వచ్చినంత మాత్రాన చెయ్యి వస్తుందని లేదు. అందుకే ఆస్తమా పంపు రోగి చేతికిచ్చి పీల్చమనాలి, ఇన్సులిన్ సూది పొడిచి చూపించమనాలి. ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని ఒక్కసారే, దానిమీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. చాలా ఇళ్ళలో గ్లాసుకి కాస్తంత చల్లుతూ రెండు రోజులు సర్దుతారు. అది పొదుపు అనుకుంటారు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్ర, దాన్ని రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. "మాత్ర" అనగానే రోజూ వేసుకునేదే అనుకోవడం ఆముదం తాగేదే అనుకున్న కాపరి లెక్కలాంటిదే. "వారంలో ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగి జవాబు వినకుండా ఆ చీటీ చేతికివ్వకూడదు.

తీరిక ఎక్కడిదంటారు డాక్టర్లు. మంత్రిగారి ఫిర్యాదే ఇది, కొట్టిపారేయలేం. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో 67 దేశాల లెక్కలు వచ్చాయి. డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైన ఉంటే, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం అంకె 2 నిమిషాల దగ్గర ఉంది. ఆ రెండు నిమిషాల్లో నాడి చూడాలా, కథ వినాలా? అందుకే కథలో ఎదురరుగు కావాల్సి వచ్చింది. మన ఊళ్ళలో ఆ అరుగు లేకపోలేదు. మందుల షాపు కుర్రాడు కత్తెరతో స్ట్రిప్పు కోసి, కవరు మీద పెన్నుతో గీతలు గీసి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటాడే, అతను పూటకూళ్ళమ్మ వారసుడే. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తలు అంతకన్నా దగ్గరి వారసులు. రోగి కాళ్ళు చాపుకుని కూర్చునేది వాళ్ళ దగ్గరే. జీతం తేలకపోవడంలో కూడా పోలిక కుదిరింది. ఆశాలు రోడ్డెక్కిన ప్రతిసారీ అడుగుతున్నది అదే.

కొత్త డాక్టర్లకి ఇది పాఠంగానే వచ్చింది, మంచిదే. 2019 నుంచి ఎంబీబీఎస్ చదువులో నడవడి, నైతికత, సంభాషణ అనే భాగం తప్పనిసరి చేశారు. పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో "చెప్పు చూద్దాం" అనకుండా నేర్పితే చాలు.

కొండామె సంగతికి వస్తే, వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం లాంటి పుస్తకం అచ్చువేయించారు. మన్యంలో ఉద్యోగానికి వెళ్ళేవారు సవరో, కువియో, గోండీయో నాలుగు మాటలైనా నేర్చుకోవాలన్న నియమం ఆయన తర్వాత ఇన్నేళ్ళకైనా గట్టిపడాల్సింది. చెవులు వినపడనివాళ్ళ సంజ్ఞల భాషను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ఆసుపత్రి ఓపీలోనూ, పింఛను కౌంటర్లోనూ ఆ భాష వచ్చిన మనిషి ఎదురైతే అదృష్టమే. ఇప్పటికీ అధికారి అన్నతోనే మాట్లాడతాడు, కుమ్మరి గోడ చూస్తాడు.

పిల్లల చేత అనువాదం చేయించడం కొండల్లోనే అనుకోవద్దు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులకి డాక్టరు మాట చెప్పేది చాలాసార్లు కొడుకో, పదేళ్ళ మనవరాలో. అమ్మ కంగారుపడుతుందని కొడుకు సగం మింగేస్తాడు, కొడుకు ముందు చెప్పలేక అమ్మ మిగతా సగం మింగేస్తుంది. అక్కడ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. ప్రాణాపాయపు అత్యవసరం తప్ప పసిపిల్లల చేత అనువాదం చేయించకూడదని 2016 నిబంధనల్లోనే రాశారు. తెలుగు దుబాసీ కావాలని అడగండి, మొహమాటపడొద్దు.

ఇక్కడ ఉన్నవాళ్ళకి నాదొక మనవి. డాక్టరు అడిగినా అడక్కపోయినా, గది దాటేముందు "నేను ఇలా వేసుకుంటానండీ, సరేనా?" అని మీరే పైకి చెప్పండి. అమ్మనో నాన్ననో తీసుకెళ్తే జవాబులు మీరు చెప్పకుండా కాసేపు వాళ్ళని మాట్లాడనివ్వండి, వీలైతే రెండు నిమిషాలు బయట నిలబడండి. మందుల షాపులో కవరు అందుకున్నాక అక్కడే ఆగి, ఏ మాత్ర ఎప్పుడో ఆ కుర్రాడికి ఒకసారి చెప్పి చూపించండి. వెనక ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.